పద్నాలుగో చంద్రుడు, ఆదివారం రొట్టె

స్ముర్న
మే నెల మొదట్లో, కొమ్మొదు చక్రవర్తి ఏలుబడిలో పదో ఏడు

తమ్ముడు దమాసుకు,

నువ్వూ మరదలు సెవెరా ఒంట్లో బాగుండాలని, ప్రభువు మీ గడప మీద చెయ్యి తీయకుండా ఉంచాలని రోజూ అడిగే మీ అక్క అమ్మియా రాస్తోంది. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళ సంగతి అడగకు. అవి నాకంటే ముందే ముసలివయ్యాయి. సంఘం విధవరాళ్ళలో నన్ను పెద్దదాన్ని చేశారు కదా, ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా ఆ కొండ మెట్లు నేనే ఎక్కాలి. ఎక్కేటప్పుడు సణుగుతాను, దిగేటప్పుడు ప్రార్థన చేసుకుంటాను.

పస్కా పండగ బాగా జరిగింది. పగలంతా ఉపవాసముండి, మన సంఘం పెద్దాయన వాక్యం చదువుతుంటే విన్నాం. కోడి కూయగానే రొట్టె విరిచాం. దానికి ముందు నేను ఎప్పటిలాగే మేడ మీదికెక్కి చంద్రుణ్ణి చూశాను. నిండుగా ఉన్నాడు. నువ్వు ఓడ ఎక్కిన రోజు రేవులో ఏమనుకున్నామో మరిచిపోలేదు కదా? యూదుల నీసాను నెల పద్నాలుగో నాడు నువ్వక్కడ, నేనిక్కడ ఒకే చంద్రుడి కింద ఉపవాసముండి, ఒకే కోడికూతకి రొట్టె విరవాలని. ఈ తొమ్మిదేళ్ళలో నిన్ను నేను కలుసుకున్నది ఆ రాత్రుల్లోనే. నాన్న మనల్ని చెరో భుజం మీదా ఎక్కించుకుని "అదిగో, పండగ వచ్చేసింది" అని చూపించేవాడు. వారం ఏదైనా ఆయనకి పట్టేది కాదు. చంద్రుడు నిండితే పండగ.

నీ కిందటి ఉత్తరంలో ఒక మాట నాకు నచ్చలేదు. "నేను రెండు పండగలు తింటున్నానక్కా, పద్నాలుగో నాడు మనది, ఆదివారం మా ఆవిడది" అని రాశావు. నవ్వుతాననుకున్నావేమో, నవ్వలేదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాణ్ణి ఈ రేవులో చాలామందిని చూశాను, తడవకుండా ఒడ్డెక్కినవాడు లేడు. మీ రోమా వాళ్ళు ఆదివారం దాకా ఆగితే ఆగనీ, అది వాళ్ళ తాతల పద్ధతి. మరదలు తన పద్ధతిలో ఉండనీ, నేను కాదనను. నువ్వు మాత్రం మనవాడివి.

అందరినీ ఒకే రోజుకి కట్టెయ్యాలని మీ పట్నంలో పెద్దలు అనుకుంటున్నారట, ఓడల వాళ్ళు చెప్పుకుంటున్నారు. నిజమేనా? రాయి. ఎండు అత్తిపళ్ళు పంపుతున్నాను. నువ్వొక్కడివే తినకుండా మరదలికి పెట్టు.

నీ అక్క
అమ్మియా

*

రోమా
జూలై నెల, అదే ఏడు

అక్కకు,

నీ తమ్ముడు దమాసు దండాలు. అత్తిపళ్ళు అందాయి. సగం సెవెరా తినేసింది, మిగతా సగం తను తిననప్పుడు నేను తిన్నాను.

నా మాటకి నువ్వు నవ్వలేదంటే నాకు నవ్వొచ్చింది. అక్కా, మా ఇంట్లో పండగ ఎలా ఉంటుందో నువ్వు చూడాలి. నేను పనిచేసే రాళ్ళ కొట్టు మీద అటక ఉంది కదా, మన ఆసియా సీమ నుంచి వచ్చినవాళ్ళం అందరం అక్కడే చేరతాం. పద్నాలుగో నాటి రాత్రి గడిచి తెల్లవారుజామున అక్కడ రొట్టె విరిచి ఇంటికొచ్చేసరికి సెవెరా నాకోసం చేప వండుతూ ఉంటుంది. తనకింకా ఉపవాసం. పొరపాటున రుచి చూస్తానేమోనని మూతికి గుడ్డ కట్టుకుని వండుతుంది. "ఉప్పు సరిపోయిందా?" అంటే "నన్నడక్కు, నీ నోరు, నీ ఉప్పు. నాకు ఆదివారం దాకా చేపంటే ఏంటో తెలీదు" అంటుంది. ఆదివారం తన పండగ. నేను మళ్ళీ తింటాను. "నీ కడుపులో రెండు సంఘాలున్నాయయ్యా" అని వాళ్ళ నాన్న వెక్కిరిస్తాడు. ఇందులో పాపం ఎక్కడుందక్కా?

పని బాగానే ఉంది. చచ్చినవాళ్ళని పెట్టే రాతి పెట్టెల మీద దేవుళ్ళ మొహాలు చెక్కనంటే యజమాని నవ్వి "సరేలే, గొర్రెలు చెక్కుకో" అన్నాడు. ఇప్పుడీ పట్నంలో చచ్చే ప్రతివాడికీ గొర్రెలే కావాలి.

నువ్వడిగింది నిజమే. మా వీధిలో ఆదివారం వాళ్ళ సంఘం పెద్ద కిందటి నెల లేచి నిలబడి, ఇక మీదట పద్నాలుగో నాడు ఉపవాసం విడిచేవాళ్ళకి తమ బల్ల దగ్గర రొట్టె లేదని చెప్పాడు. ఆదివారం ఆదివారం వాళ్ళ బల్ల మీది రొట్టెలో ఒక ముక్క గుడ్డలో చుట్టి మా అటకకి పంపేవాళ్ళు, మనమంతా ఒకటే అన్నందుకు గుర్తుగా. ఆ ముక్క తెచ్చే పరిచారకుడు విటాలిస్ ఆ వారం మెట్ల కిందే నిలబడిపోయాడు. ఉత్త చేతులు చూపించి "నన్ను పంపలేదయ్యా దమాసూ. నేను మాత్రం ఇటే నడిచొచ్చాను, కాళ్ళకి అలవాటు" అన్నాడు. పైకి రమ్మంటే రాలేదు. మంచివాడు, ఏడుపు మొహం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇదంతా నాలుగు రోజుల గొడవలే, సర్దుకుంటుంది. పెద్దవాళ్ళు పోట్లాడుకుంటే చిన్నవాళ్ళం పని చేసుకుంటాం. సెవెరాకి కొంచెం దగ్గు. వాళ్ళ నాన్న చాకలి కొట్లో బట్టలకి గంధకం పొగ పెడతారు కదా, దాని వల్లేనని అంటోంది. నువ్వు బెంగపడకు. ఎవరేం చెప్పినా నమ్మకు, నేను రాసిందే నమ్ము.

నీ తమ్ముడు
దమాసు

*

రోమా
సెప్టెంబరు ఆఖరు, అదే ఏడు

అక్కకు,

దండాలు. ఈ ఏడు సముద్రం మూసేలోగా బయల్దేరే ఆఖరి ఓడకి ఇది ఇస్తున్నాను. నీకు అందాలని ప్రార్థన చేసి మరీ ఇస్తున్నాను.

సెవెరాది పొగ దగ్గు కాదు. మూతికి పెట్టుకున్న గుడ్డకి రక్తం అంటుతోంది. వైద్యుడు చూసి మేకపాలు తాగించమన్నాడు, నా మొహంలోకి చూడకుండా వెళ్ళిపోయాడు. తను నడవలేదు. ఆదివారం వస్తే మాత్రం ఇంట్లో ఉండనంటుంది. అందుకని నేనే ఎత్తుకుని వాళ్ళ సంఘానికి తీసుకెళ్తున్నాను. గోడవారగా కూర్చోబెట్టి, వాక్యం అయిపోయి రొట్టె దగ్గరికి వచ్చేసరికి లేచి బయటికి వచ్చేస్తాను. ఇంకా నీళ్ళలో మునగని వాళ్ళతో పాటు వీధిలో నిలబడతాను. మొన్నో కుర్ర సాంబ్రాణి వ్యాపారి నన్ను చూసి "నీకు బాప్తిస్మం ఎప్పుడన్నా?" అని అడిగాడు. నేను పుట్టకముందే మా నాన్నకయింది, నాకు పాలు మరవకముందే అయింది అని చెప్పలేక "చూడాలి" అన్నాను.

కిందటి వారం ఇంటికి తెస్తుంటే దారిలో నా భుజం మీదే తల పెట్టుకుని అంది: "ఏమయ్యా, నువ్వు బయట నిలబడితే నాకు లోపల గొంతు దిగట్లేదు. ఇద్దరం ఒక్కసారి ఒకే రొట్టె తింటే బాగుండు. ఆ తరవాత నీ ఇష్టం, నీ చంద్రుడి ఇష్టం."

అక్కా, నాకు రోజుల శాస్త్రం తెలీదు. నాన్న చూపించిన చంద్రుడు తెలుసు, నీకిచ్చిన మాట తెలుసు. కానీ సెవెరాకి ఇంకో ఏడాది లేదు. వచ్చే పస్కా ఒక్కటీ నేను ఆదివారం చెయ్యనా? చేస్తానని పెద్ద ముందు ఒప్పుకుంటే నాకూ వాళ్ళ బల్ల దగ్గర చోటిస్తారు. తను పోయే లోపల తన పక్కన కూర్చుని తింటాను. నీ మాట లేకుండా చెయ్యలేను. అమ్మ పోయాక నాకు అన్నీ నువ్వే కదా. "సరే" అని ఒక్క ముక్క రాయి. ఇంకేమీ రాయకపోయినా పరవాలేదు.

నీ తమ్ముడు
దమాసు

*

(తేదీ లేదు)

దమాసుకు,

విన్నాను. నువ్వు ఆదివారం వాళ్ళతో కలిసిపోతున్నావని విన్నాను.

ఇంత తొందరగా మెత్తబడతావని అనుకోలేదు. ఈ ఊళ్ళో మన పెద్దలు ఇదే పండగ చేసుకుంటూ, నమ్మకం వదులుకోమంటే వదలక ఆటస్థలంలో మంటల్లోకి నడిచారు. వాళ్ళ బూడిద ఉన్న ఊళ్ళో పుట్టినవాడివి, ఆలి మాట కోసం నాన్న పండగ మార్చుకుంటావా? ఇవాళ పండగ రోజు మారుస్తావు. రేపు ఇంకేదో మార్చమంటారు, అదీ మారుస్తావు. రేవులో మాటిచ్చినప్పుడు నీకు మీసాలొచ్చాయి, చిన్నపిల్లాడివేం కాదు.

నేను ఒప్పుకుంటానని కలలో కూడా అనుకోకు. పద్నాలుగో నాడు కోడి కూసినప్పుడు నువ్వక్కడ రొట్టె విరవకపోతే నన్ను అక్కా అని పిలవకు. నాకు తమ్ముడు సముద్రంలో పోయాడని అనుకుంటాను.

అమ్మియా

*

స్ముర్న
మార్చి నెల ఆఖరు, చక్రవర్తి ఏలుబడిలో పదకొండో ఏడు

నా తండ్రీ, తమ్ముడూ దమాసూ,

నీ సెప్టెంబరు ఉత్తరం ఇవాళ నా చేతికొచ్చింది. ఇవాళ! ఆ ఓడ గాలికి కొట్టుకుపోయి చలికాలమంతా క్రేతు దీవి రేవులో పడుకుందట. నీ మాటలు కూడా ఆరు నెలలు అక్కడే పడుకున్నాయి. గుమ్మంలో నిలబడే చదివాను.

ఒరేయ్, నేను నీకు రాసిన ఆ కోపం ఉత్తరం దీనికి జవాబు కాదురా! అది ద్రాక్ష కోతలప్పుడు రాసింది. తాళ్ళ వ్యాపారి త్రోఫిము రోమా నుంచి వచ్చి "మీ తమ్ముడు ఆదివారం వాళ్ళ గుమ్మంలోంచి బయటికి రావడం నా కళ్ళారా చూశాను" అన్నాడు. ఎందుకు వెళ్ళావో వాడు అడగలేదు. నేనూ వాణ్ణి అడగలేదు. ఆ పూటే రాసి, కొండదారిన వెళ్ళే బేరగాళ్ళకి ఇచ్చేశాను. తేదీ కూడా వేయలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. నా రాత చూశావు కదా, కలం విరిగేలా రాశాను. నువ్వు దాన్ని జవాబనుకున్నావేమోనని భయమేస్తోంది. అనుకోలేదు కదా? నన్ను ఎరిగినవాడివి, సెవెరా జబ్బు సంగతి తెలిసి నేను అలా రాస్తానా?

ఇదుగో జవాబు. సరే. సరే. సరే. ఆదివారం చెయ్యి. తన పక్కన కూర్చుని తిను. పెద్ద ముందు ఏమనమంటే అది అను. నాన్న ఉంటే ఆయనా ఇదే అనేవాడు. ఇంట్లో మనిషి మంచాన పడితే పండగ ఆమె మంచం దగ్గరికి నడిచొస్తుంది, మనం పండగ దగ్గరికి పరిగెత్తక్కర్లేదు. ఇది నేను రోజూ జ్వరాల ఇళ్ళలో చెప్పే మాటే. నీకు చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

ఓడ రేపో మాపో లంగరు ఎత్తుతుంది. పండగ లోపల రోమా చేరుతుందా అని నావికుణ్ణి అడిగాను. "గాలి నా మాట వింటే చేరుతుంది పెద్దమ్మా, వినకపోతే నేను దాని మాట వింటాను" అన్నాడు. గాలి కోసం సంఘం విధవరాళ్ళందరినీ ప్రార్థనలో కూర్చోబెట్టాను. ఎందుకో చెప్పలేదు, చెప్తే నా పరువు పోతుంది.

తేనెలో ఊరబెట్టిన సీమదానిమ్మ పండు ముక్కలు జాడీలో పంపుతున్నాను. దగ్గుకి మంచిది. మరదలికి నా చేత్తో పెట్టానని చెప్పి పెట్టు. నేను ఒకసారైనా చూడని పిల్ల. వదిన ముద్దు పెట్టుకుందని చెప్పు.

నీ అక్క
అమ్మియా

*

రోమా
ఏప్రిల్ నెల, అదే ఏడు

స్ముర్నలో ఉండే అమ్మియాకు,

దమాసు రాయునది.

నీ జవాబు డిసెంబరులో అందింది. నువ్వు చెప్పినట్టే చేశాను.

పద్నాలుగో నాడు కోడి కూసినప్పుడు అటకలో రొట్టె విరిచాను. చంద్రుణ్ణి కూడా చూశాను. ఇంటికొస్తే సెవెరా మేలుకుని ఉంది. జబ్బు మనిషికి ఉపవాసం అక్కర్లేదని వాళ్ళ పెద్దే చెప్పినా తను వినలేదు. "తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాను. "చేప వండలేకపోయాను" అంది.

మర్నాడు తనకి ఊపిరి అందడం మానేసింది. వాళ్ళ నాన్న వెళ్ళి విటాలిస్‌ని తీసుకొచ్చాడు, పోయేవాళ్ళకిచ్చే ఆఖరి రొట్టెతో. గుడ్డ విప్పి మంచం పక్కన పెట్టాడు. ఇద్దరికీ సరిపోయే ముక్క తెచ్చాడు. "ఆదివారం పండగ చేస్తానని అనమను, అంటే ఇద్దరికీ ఇవ్వు" అని పెద్ద చెప్పి పంపాడట. విటాలిస్ నన్ను తలుపు దగ్గరికి లాగి చెవిలో చెప్పాడు: "ఒక్క మాట అనవయ్యా బాబూ. మనస్ఫూర్తిగా అనకపోయినా పరవాలేదు. ప్రభువు ఆ పూటకి చెవులు మూసుకుంటాడు, నేనూ మూసుకుంటాను."

నీ ఉత్తరం నా నడుం పట్టీలోనే ఉంది. ఆ మాట అంటే నాకు అక్క పోతుంది. అన్నా అనకపోయినా ఈమె ఎలాగూ పోతోంది. నేను అలా లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. ఏమీ అనలేదు.

విటాలిస్ ముక్క విరిచి సెవెరా ఒక్కదానికే ఇవ్వబోయాడు. తను గుప్పిట మూసుకుంది. వాళ్ళ నాన్న బతిమాలాడు. నేనూ బతిమాలాను. "ఇంట్లో ఈయన తినకుండా నేనెప్పుడు తిన్నాను నాన్నా? నేను తినకుండా ఈయనే తినేవాడు, ఉపవాసాలప్పుడు" అని నవ్వబోయింది, దగ్గొచ్చింది. తరవాత నాతో అంది: "మీ అక్కయ్యకి రాయి, నీ తమ్ముడు మాట తప్పలేదని." వెటకారం కాదు. నిజంగానే అంది. నా గురించి నీకు మంచిగా చెప్పాలనుకుంది.

ఆదివారం రాకముందే పోయింది. ఆ రొట్టె తినకుండానే పోయింది. విటాలిస్ దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్ళాడు.

నువ్వే చంపావని రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. ఉత్తరం నీదే కానీ, ఆ గదిలో నోరు నాది.

మాట తప్పలేదని రాయమంది, రాశాను.

దమాసు

*

స్ముర్న
జూన్ నెల, అదే ఏడు

దమాసుకు,

అక్కా అని నువ్వు రాయలేదు. రాయొద్దన్నది నేనే, కాబట్టి అడగను.

ఈ ఉత్తరం మొదలుపెట్టి చాలాసార్లు చెరిపాను. మొదట త్రోఫిము మీద రాశాను. తరవాత ఓడ మీద, గాలి మీద, మీ వీధి పెద్ద మీద రాశాను. అందరి మీదా రాశాక చూస్తే ఇంకా ఒకరు మిగిలారు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని సంఘంలో కుర్ర కోడళ్ళకి చెప్పేది నేనే.

నీకొకటి చెప్పాలి. చెప్పకుండా ఉండలేను. ఈ పస్కాకి మా ఇంట్లో కొరింథు నుంచి వచ్చిన భార్యాభర్తలు దిగారు. వాళ్ళూ ఆదివారం వాళ్ళే. మేం పద్నాలుగో నాడు ఉపవాసం విడిచి తింటుంటే వాళ్ళు మూల గదిలో ఉపవాసమున్నారు. నేను వాళ్ళ గది ముందు ఎవరూ గట్టిగా నవ్వకుండా చూసుకున్నాను. చేప వాసన వెళ్తుందేమోనని తలుపు కింద గుడ్డ పెట్టాను. ఆదివారం వాళ్ళకోసం వేరే పొయ్యి వెలిగించాను. మన సంఘం అధ్యక్షుడే వచ్చి వాళ్ళ చేత రొట్టె విరిపించి, వాళ్ళ చేతుల్లోంచి తిన్నాడు. నేనూ తిన్నాను. ఆ అమ్మాయి "మా అత్తగారు కూడా ఇలా చూడలేదు" అని నా చేతులు పట్టుకుంది. ఎంత పొంగిపోయానో. అదే రోజుల్లో అక్కడ నా మరదలు గుప్పిట మూసుకుంటోంది.

దారిన పోయేవాళ్ళ పట్ల అంత మంచిదాన్ని నీ పట్ల ఎందుకు కాలేకపోయానని చాలా ఆలోచించాను. వాక్యం కోసం కాదు దమాసూ. పెద్దల కోసమూ కాదు, నాన్న కోసమూ కాదు. నువ్వు ఓడ ఎక్కాక నాకు మిగిలింది ఏడాదికి ఆ ఒక్క రాత్రి. అది కూడా ఆ పిల్ల తీసేసుకుంటోందని కుళ్ళుకున్నాను. దాన్ని భక్తి అనుకున్నాను. నేను కాపాడింది పండగని కాదు, నిన్ను. కాపాడినట్టూ లేదు.

నువ్వు ఏమని పిలిచినా పిలవకపోయినా, నేనిక్కడ నీ పేరు చెప్పి ప్రార్థన చేస్తాను. తన పేరు కూడా. మార్చిలో నేను పంపిన ఉత్తరం నీకు అందే ఉంటుంది. దాన్ని చదవకుండా పారేసినా నేనేమీ అనుకోను. సముద్రం మూసేలోగా బతికున్నానని మాత్రం రాయి.

అమ్మియా

*

రోమా
సెప్టెంబరు నెల, అదే ఏడు

అక్కకు,

బతికున్నాను. మార్చి ఉత్తరం మే నెలలో అందింది. నావికుడు జాడీ కూడా ఇచ్చాడు. మూడు "సరే"లు చదివాక ఏం చేశానో రాయను.

నీ మీద కోపం లేదు. ఉండేది, దాన్ని మోసి మోసి ఒకరోజు చూస్తే అది నా మీదిదేనని తెలిసింది. ఒకటి మాత్రం నీకు తెలియాలి. నువ్వు మార్చిలో కాక డిసెంబరులోనే సరేనన్నా, నేను ఇంకేదో ఒక మూల నిలబడి లెక్క వేసుకునేవాణ్ణేమో. నాకు తెలీదు. తెలుసుకునే వీలూ లేదు.

ఇక్కడ గొడవ సద్దుమణిగింది. పశ్చిమాన దూరదేశాల పెద్దలు ఘాటుగా ఉత్తరాలు రాశారట, ఉపవాసంలో తేడా ఉంటే ప్రేమలో తేడా ఉండాలా అని. ఎవరి రోజు వాళ్ళు చేసుకోవచ్చని, రొట్టె అందరికీ ఇవ్వాలని తేల్చారు. వీధి పెద్ద మా అటకకి వచ్చి అందరినీ కౌగిలించుకున్నాడు. నన్ను కూడా. చెడ్డవాడు కాదక్కా, ముసలివాడు. నా భుజం తట్టి "పోయిన సంగతులు పోనీ నాయనా" అన్నాడు. ఏవి పోయాయో ఆయనకి తెలీదు.

తరవాతి ఆదివారం విటాలిస్ మళ్ళీ మెట్లెక్కి పైకి వచ్చాడు, గుడ్డలో రొట్టెతో. అందరికీ ఇచ్చి నా దగ్గరికొచ్చాడు. నేను రెండు చేతులూ విడివిడిగా చాపాను. మనిషికి ఒకటేనని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వాడు నా మొహం చూసి, రెండు చేతుల్లోనూ పెట్టాడు.

తిన్నగా ఊరి బయట సొరంగాలకి వెళ్ళాను, పోయిన మనవాళ్ళని పెట్టే చోటికి. సెవెరా అరకి మూత రాయి నేనే చెక్కాను, గొర్రెల్లేవు, ఏమీ లేవు, పేరొక్కటే. సున్నం గట్టిపడింది. ఒక అంచున కొంచెం గీకి, తన వంతు ముక్క లోపలికి పెట్టి, కొత్త సున్నంతో మూశాను. పోయినవాళ్ళ నోటికి రొట్టె పెట్టకూడదని పెద్దలంటారు, నాకు తెలుసు. నేను నోటికి పెట్టలేదు, పక్కన పెట్టాను. సున్నం ఆరేదాకా కూర్చున్నాను. అప్పుడు నా ముక్క తిన్నాను.

పండగలూ రోజులూ నాకిక పట్టవు, ఎప్పుడు చేస్తే అప్పుడు వెళ్ళి వెనక కూర్చుంటాను. ఒక్క సంగతే నన్ను తినేస్తోంది. విటాలిస్‌ని అడగలేదు. ఇక్కడ ఎవర్నీ అడగలేదు. నువ్వు వాక్యం బాగా విన్నదానివి, పెద్దల దగ్గర కూర్చునేదానివి, చెప్పు. మేమిద్దరం కలిసి తిన్నట్టేనా?

నీ తమ్ముడు
దమాసు

*

స్ముర్న
అక్టోబరు నెల, ఆఖరి ఓడకి

తమ్ముడు దమాసుకు,

నీ ఉత్తరం పట్టుకుని మన అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాను. మొత్తం చదివి వినిపించాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. గొంతు సవరించుకుని, చెప్పడానికి నోరు తెరిచాడు.

ఎక్కడ కాదంటాడోనని భయమేసింది. "వద్దయ్యా" అని లేచి వచ్చేశాను.

తమ్ముడూ, నువ్వు కూడా ఇంకెవర్నీ అడగకు.

అక్క